అమ్మకు సగం మాత్ర చాలదా, నాన్న ఐఎన్ఆర్ ఎందుకు ఊగుతోంది?

ప్రశ్న: మా అమ్మకు 78 ఏళ్లు, బరువు 57 కిలోలు. గుండె లయ తప్పే జబ్బు, ఏట్రియల్ ఫిబ్రిలేషన్, ఉందని ఏడాదిన్నరగా రక్తం గడ్డకట్టకుండా ఆపే అపిక్సబాన్ 5 మి.గ్రా. మాత్ర రోజుకు రెండుసార్లు వాడుతోంది. ఐదేళ్ల కిందట స్టెంట్ వేశారు. అప్పటినుంచి ఆస్పిరిన్ 75 కూడా నడుస్తోంది. మోకాళ్ల నొప్పికి వారంలో మూడు నాలుగు రోజులు డైక్లోఫెనాక్ వేసుకుంటుంది. ఈమధ్య చేయించిన పరీక్షలో మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.3 వచ్చింది. నెల రోజులుగా పళ్లు తోముకుంటే చిగుళ్ల నుంచి రక్తం వస్తోంది, చేతుల మీద కమిలిన మచ్చలు కనిపిస్తున్నాయి. కదిలే పన్ను ఒకటి తీయించాలి కూడా. 83 ఏళ్ల మా పెద్దమ్మకు ఇదే జబ్బుకు 2.5 మాత్రే రాశారు. ఆవిడ బరువు 50 కిలోలు. అమ్మకు మేమే సగం చేసి వేయవచ్చా? ఇక మా నాన్నకు 66 ఏళ్లు, గుండెలో మైట్రల్ కవాటం స్థానంలో లోహపు కవాటం ఉంది. రోజూ వార్ఫరిన్ 5 మి.గ్రా. వేసుకుంటూ ఏడాదిగా ఐఎన్ఆర్, అంటే రక్తం గడ్డకట్టడానికి ఎంత ఆలస్యమవుతోందో చెప్పే పరీక్ష అంకె, 2.8, 3.1 ఇలా ఉండేది. విరేచనాలు పట్టుకుంటే మెట్రోనిడజోల్ ఏడు రోజులు వాడాం. ఐఎన్ఆర్ 5.6కి పోయింది. మూడు రోజులు మందు ఆపి, తర్వాత రోజుకు 4 మి.గ్రా. వేయమన్నారు. నిన్న చూస్తే 1.8. ఇదేం ఊగిసలాట? నాన్నకు కూడా అమ్మ మాత్రే ఇస్తే ఈ పరీక్షల గొడవే ఉండదు కదా?

జవాబు: మీరు అమ్మగారి గురించి ముందు అడిగారు కానీ, తొందర నాన్నగారి దగ్గర ఉంది కాబట్టి అక్కడినుంచే మొదలుపెడతాం. మైట్రల్ స్థానంలో లోహపు కవాటం ఉన్నవారికి ఐఎన్ఆర్ సాధారణంగా 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలి. 1.8 అంటే కవాటం మీద గడ్డ కట్టే ప్రమాదం ఉన్న అంకె. వచ్చే అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా ఈ రోజే ఆయన గుండె డాక్టరుకు ఫోన్ చేసి నాలుగు విషయాలు చెప్పండి: 5 మి.గ్రా. మీద ఏడాదిపాటు నిలకడగా ఉన్న సంగతి, మెట్రోనిడజోల్ ఏ రోజు మొదలై ఏ రోజు ఆగింది, వార్ఫరిన్ ఎన్ని రోజులు ఆపారు, ఇప్పుడు 4 మి.గ్రా. మీద 1.8 వచ్చిందని. ఒకసారి కాస్త పెంచి వేయాలా, ఐఎన్ఆర్ ఎక్కేదాకా హెపారిన్ ఇంజెక్షన్ ఇవ్వాలా అన్నది ఆయన తేల్చాలి. ఈలోగా మాట తడబడటం, మూతి ఒకవైపు వంకరపోవడం, కాలూచేయీ పడిపోవడం, కొత్తగా ఆయాసం రావడం, రోజూ వినిపించే కవాటం టిక్కుమనే శబ్దం మొద్దుబారడం, వీటిలో ఏది కనిపించినా ఫోన్లు కాదు, నేరుగా ఎమర్జెన్సీకి.

ఇక ఊగిసలాట సంగతి. వార్ఫరిన్ రక్తాన్ని పలుచన చేయదు, పేరుకే ఆ మాట. రక్తం గడ్డకట్టడానికి కావలసిన కొన్ని పదార్థాలను కాలేయం విటమిన్ కె సాయంతో తయారు చేస్తుంది. ఆ తయారీని వార్ఫరిన్ మందగింపజేస్తుంది. అప్పటికే రక్తంలో తిరుగుతున్న సరుకును మాత్రం అది ముట్టుకోదు. ఆ సరుకు తనంతట తాను ఖర్చు కావాలి. వాటిలో ఫ్యాక్టర్ 7 కొన్ని గంటల్లోనే సగానికి పడిపోతుంది. ఫ్యాక్టర్ 2 సగం కావడానికి దాదాపు రెండున్నర రోజులు పడుతుంది. అందుకే ఈ రోజు ఐఎన్ఆర్ చూపించేది ఈ రోజు మాత్ర పనితనం కాదు, గత రెండు మూడు రోజుల లెక్క. మోతాదు మారిస్తే దాని పూర్తి ప్రభావం కనిపించడానికి వారం దాకా పడుతుంది. సోమవారం మార్చి బుధవారం పరీక్ష చేసి, ఆ అంకె నచ్చక మళ్లీ మార్చారనుకోండి, మొదటి మార్పు ఇంకా తేలకుండానే రెండోది దాని మీద పడుతుంది. చాలా ఇళ్లలో ఐఎన్ఆర్ ఊగడానికి అసలు కారణం జబ్బు కాదు, ఈ వెంటపడటమే.

మీ నాన్నగారి విషయంలో మెట్రోనిడజోల్ వచ్చి పడింది. వార్ఫరిన్‌ను కాలేయంలో విరిచేసే ఎంజైము సీవైపీ2సీ9. ఈ యాంటీబయాటిక్ దాన్ని అడ్డుకుంటుంది. దాంతో అదే 5 మి.గ్రా. ఒంట్లో ఎక్కువసేపు నిలిచి, పెద్ద మోతాదు వేసినట్టు పనిచేసింది. దానికితోడు విరేచనాల్లో ఆయన సరిగా తిని ఉండరు, విటమిన్ కె రాక తగ్గింది. రెండూ కలిసి 5.6. రక్తస్రావం లేనప్పుడు ఈ అంకెకు ఒకటి రెండు మోతాదులు ఆపి మళ్లీ పరీక్ష చేస్తే చాలా మందికి సరిపోతుంది. ఐఎన్ఆర్ 10 దాటనంతవరకు, రక్తం కారనంతవరకు విటమిన్ కె మాత్ర మామూలుగా అవసరపడదు. లోహపు కవాటం ఉన్నవారికి దాన్ని తొందరపడి పెద్ద మోతాదులో ఇస్తే ఆ తర్వాత కొన్ని రోజులు వార్ఫరిన్ ఎంత వేసినా పట్టదు.

ఇక్కడ జరిగిన పొరపాటు చూడండి. మెట్రోనిడజోల్ అయిపోగానే ఎంజైము మళ్లీ పనిలో పడింది, అంటే ఐఎన్ఆర్ దానంతటదే దిగుతోంది. సరిగ్గా అప్పుడే మూడు రోజులు మందు ఆపారు. ఆపైన రోజుకు 4 మి.గ్రా.కు తగ్గించారు. మూడు కోతలూ ఒకే వైపు. తాత్కాలిక కారణానికి శాశ్వత మార్పు చేశారన్నమాట. ఏడాదిగా సరిపోయిన మోతాదు ఆయన కాలేయానికి, ఆయన తిండికి సరిపోయిన మోతాదు. మధ్యలో వచ్చిన అతిథి వెళ్లిపోయాక పాత మోతాదుకే తిరిగి వెళ్లడం ఎక్కువసార్లు సరైన దారి. డాక్టరుతో మాట్లాడేటప్పుడు ఈ మాట సూటిగా అడగండి: "మెట్రోనిడజోల్ ఆగిపోయింది కదా, మళ్లీ 5కే వెళ్దామా?"

వార్ఫరిన్‌ను రోజు లెక్కన కాదు, వారం లెక్కన చూడటం అలవాటు చేసుకోండి. రోజుకు 5 అంటే వారానికి 35 మి.గ్రా. రోజుకు 4 అంటే వారానికి 28. ఒక్కసారిగా 20 శాతం కోత, ఇది పెద్ద గెంతు. నిలకడగా ఉన్న మనిషిలో మార్పు అవసరమైతే మామూలుగా వారం మొత్తంలో 5 నుంచి 15 శాతం కదిలిస్తారు. 35 నుంచి దిగాలంటే ఆరు రోజులు 5 మి.గ్రా., ఒక రోజు 2.5 వేస్తే వారానికి 32.5 అవుతుంది, అంటే 7 శాతం తగ్గింపు. రెండు రోజులు 2.5 వేస్తే 30, అంటే 14 శాతం. ఆ సగం మాత్రల రోజులు పక్కపక్కన కాకుండా ఎడంగా, ఉదాహరణకు మంగళవారం, శుక్రవారం, పెట్టుకోండి. లక్ష్యం పై హద్దు 3.5 అయినప్పుడు ఒక్కసారి 3.7 వచ్చిందని మోతాదు ముట్టుకోనక్కర్లేదు. అరపాయింటు లోపు తేడాకు అదే మోతాదు కొనసాగించి ఒకటి రెండు వారాల్లో మళ్లీ చూడటమే మంచిది.

ఇంట్లో రెండు రకాల బలాల మాత్రలు ఉంచకండి. 1 మి.గ్రా. డబ్బా, 5 మి.గ్రా. డబ్బా పక్కపక్కన ఉంటే ఏదో ఒక రోజు చెయ్యి తప్పుతుంది, ఐదు రెట్లు తప్పుతుంది. 4 మి.గ్రా.కు నాలుగు ఒకటి మాత్రలు వేస్తున్నట్టయితే ఈ జాగ్రత్త ఇంకా అవసరం. మాత్ర రాత్రిపూట వేసుకోమనడానికి కూడా కారణం ఉంది. పగలు ఐఎన్ఆర్‌కు రక్తం ఇస్తే సాయంత్రానికి ఫలితం వస్తుంది, ఆ రాత్రి మోతాదునే మార్చుకోవచ్చు. ఒక మోతాదు మరిచిపోతే అదే రోజు గుర్తొస్తే వేసుకోవాలి. తెల్లారాక గుర్తొస్తే దాన్ని వదిలేసి ఆ రోజుది మాత్రమే వేసుకోవాలి, రెండూ కలిపి కాదు. వదిలేసిన సంగతి పుస్తకంలో రాయండి. రాయకపోతే తక్కువ వచ్చిన ఐఎన్ఆర్ చూసి డాక్టరు అనవసరంగా మోతాదు పెంచుతారు.

మరోసారి ఏ మందు కొత్తగా మొదలైనా, ఆగినా మూడు నుంచి ఐదు రోజుల్లో ఐఎన్ఆర్ చూపించాలి. ఐఎన్ఆర్‌ను పెంచేవాటిలో మెట్రోనిడజోల్, కోట్రైమోక్సజోల్ అనే యాంటీబయాటిక్‌లు, ఫంగస్‌కు వాడే ఫ్లూకోనజోల్ ముందు వరసలో ఉంటాయి. గుండె లయకు ఇచ్చే అమియోడరాన్ తీరు వేరు. అది వారాల తరబడి మెల్లగా పేరుకుంటుంది, వార్ఫరిన్ అవసరాన్ని మూడో వంతు వరకో, ఒక్కోసారి అంతకుమించో తగ్గిస్తుంది. ఆపేశాక కూడా నెలల తరబడి దాని నీడ పోదు. క్షయకు వాడే రిఫాంపిసిన్, మూర్ఛకు వాడే కార్బమజెపైన్ దీనికి తలకిందులు. ఇవి ఎంజైమును రెచ్చగొట్టి వార్ఫరిన్‌ను తినేస్తాయి. రిఫాంపిసిన్ మీద ఉన్నవారికి మామూలు మోతాదుకు రెండు మూడు రెట్లు పట్టవచ్చు. అసలు ప్రమాదం కోర్సు ముగిసినప్పుడు వస్తుంది. ఎంజైము చల్లబడుతుంటే పెంచిన మోతాదు అలాగే ఉండిపోతుంది, రెండు మూడు వారాల్లో ఐఎన్ఆర్ ఆకాశానికి పోతుంది. పారాసిటమాల్ ఒకటి రెండు మాత్రలకు ఏమీ కాదు కానీ రోజుకు 2 గ్రాములు వరసగా కొన్ని రోజులు వాడితే ఐఎన్ఆర్ ఎక్కవచ్చు.

మందులే కాదు, మనిషి కూడా మారతాడు. థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తే ఐఎన్ఆర్ పెరుగుతుంది, మందగిస్తే తగ్గుతుంది. గుండె బలహీనపడి కాలేయంలో రక్తం నిలిస్తే పెరుగుతుంది. జ్వరం, తిండి మానడం పెంచుతాయి. ఆకుకూరలు మానేయమనే సలహా మాత్రం మాకు నచ్చదు. విటమిన్ కె బొత్తిగా తక్కువ తినేవారిలో చిన్న మార్పుకే ఐఎన్ఆర్ గెంతుతుంది. వారానికి ఎంత తింటారో అంతే తినమనండి, మోతాదును తిండికి తగ్గట్టు అమరుస్తారు.

అమ్మగారి మాత్ర నాన్నగారికి ఇవ్వడం కుదరదు. లోహపు కవాటాల మీద అపిక్సబాన్ లాంటి కొత్త తరం మందు డాబిగాట్రాన్‌ను వార్ఫరిన్‌తో పోల్చిన రీ-అలైన్ పరీక్షను మధ్యలోనే ఆపేశారు. డాబిగాట్రాన్ వైపు గడ్డలూ ఎక్కువ, రక్తస్రావమూ ఎక్కువ. దాని ఫలితాలు 2013లో వచ్చాయి. అపిక్సబాన్‌ను ఒక రకం అయోర్టిక్ లోహపు కవాటం మీద పరీక్షించిన ప్రోయాక్ట్ ఎక్స్‌ఏ కూడా 2022లో ముందుగానే ఆగిపోయింది, అక్కడా గడ్డల సమస్యే. రుమాటిక్ జబ్బుతో మైట్రల్ కవాటం బాగా ఇరుకైనవారికీ వార్ఫరిన్ జాతి మందే మేలని 2022 నాటి ఇన్విక్టస్ పరీక్షలో తేలింది. కాబట్టి పరీక్షల గొడవ ఆయనకు తప్పదు.

ఇక అమ్మగారు. సగం చేయకండి. ఎందుకో లెక్కతోనే చూద్దాం.

ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో అపిక్సబాన్ మామూలు మోతాదు 5 మి.గ్రా. రెండు పూటలా. దాన్ని 2.5కు తగ్గించడానికి మూడు ప్రశ్నలున్నాయి. వయసు 80 లేదా పైన ఉందా? బరువు 60 కిలోలు లేదా తక్కువా? క్రియాటినిన్ 1.5 లేదా ఎక్కువా? ఈ మూడింటిలో కనీసం రెండింటికి "అవును" వస్తేనే 2.5. అమ్మగారికి బరువు ఒక్కటే అవును. వయసు 78, క్రియాటినిన్ 1.3, రెండూ గీత ఇవతలే ఉన్నాయి. కాబట్టి 5 మి.గ్రా.నే సరైన మోతాదు. పెద్దమ్మగారికి 83 ఏళ్లు, 50 కిలోలు: రెండు అవునులు. ఆవిడకు 2.5 సరైనది. ఒకే జబ్బు, ఒకే మందు, ఇద్దరికీ రాసినవారు తప్పు చేయలేదు.

ఈ మూడు ప్రశ్నలు గాలిలోంచి వచ్చినవి కావు. 18,201 మందితో జరిగి 2011లో వెలువడిన అరిస్టాటిల్ పరీక్షలో ఇదే నియమంతో మోతాదు ఇచ్చారు. ఒక్క "అవును" మాత్రమే ఉన్నవారిని విడిగా పరిశీలించినా 5 మి.గ్రా. లాభం అలాగే నిలిచింది. కారణం లేకుండా సగానికి తగ్గిస్తే ఏమవుతుందంటే, పక్షవాతం నుంచి రక్షణ సన్నగిల్లుతుంది, రక్తస్రావం మాత్రం ఆశించినంత తగ్గదు. భయానికి రాసిన సగం మాత్ర రెండు వైపులా నష్టమే. ఈ జబ్బులో గుండె లోపల కట్టే గడ్డ పెద్దది, మెదడుకు వెళితే పెద్ద నాళాన్నే మూస్తుంది. చిగుళ్ల రక్తాన్ని దాంతో తూచకూడదు.

అయితే తేదీ ఒకటి రాసిపెట్టుకోండి. అమ్మగారికి 80 నిండే రోజున బరువుతో కలిపి రెండు అవునులు అవుతాయి. ఆ నెలలో మోతాదు 2.5కు మారాలి. ఈ మార్పు చాలామందికి జరగదు, ఎందుకంటే పుట్టినరోజు ఎవరికీ కొత్త జబ్బులా కనిపించదు. అలాగే 80 లోపే క్రియాటినిన్ 1.5కు చేరి అక్కడే నిలిచినా మారాలి. ఒక్కరోజు విరేచనాలతో 1.6 వచ్చి వారానికి 1.3కు దిగితే అది వేరే సంగతి, రెండోసారి చూసి తేల్చుకోవాలి.

2.5 మి.గ్రా. మాత్ర ఎవరి దగ్గరో చూశామని పోల్చుకోవడంలో ఇంకో చిక్కు ఉంది. కాలి నరంలో గడ్డ కట్టినవారికి మొదటి ఏడు రోజులు 10 మి.గ్రా. రెండు పూటలా, తర్వాత 5 ఇస్తారు. కనీసం ఆరు నెలలు గడిచాక మళ్లీ రాకుండా ఉండటానికి 2.5కు దించుతారు. మోకాలి, తుంటి మార్పిడి ఆపరేషన్ల తర్వాత గడ్డలు రాకుండా ఇచ్చేది కూడా 2.5నే. ఆ లెక్కల్లో వయసు, బరువు, క్రియాటినిన్ అనే మూడు ప్రశ్నలు ఉండవు. మాత్ర మీద అంకె చూసి కాదు, ఏ జబ్బుకు అని అడిగాకే పోల్చాలి.

ఇప్పుడు మూత్రపిండాల లెక్క. ల్యాబ్ రిపోర్టులో ఈజీఎఫ్ఆర్ అని ఒక అంకె ఉంటుంది. అమ్మగారి వయసుకు, 1.3కు అది సుమారు 42 చూపిస్తుంది. ఈ మందుల మోతాదుకు మాత్రం వాడాల్సింది అది కాదు, క్రియాటినిన్ క్లియరెన్స్, అంటే మూత్రపిండాలు నిమిషానికి ఎంత రక్తాన్ని శుభ్రం చేస్తున్నాయో చెప్పే లెక్క. దీన్ని 1976 నాటి కాక్‌క్రాఫ్ట్-గాల్ట్ సూత్రంతో కాగితం మీదే కట్టవచ్చు. 140లోంచి వయసు తీసేయండి: 62. దాన్ని బరువుతో గుణించండి: 62 × 57 = 3,534. క్రియాటినిన్‌ను 72తో గుణించండి: 93.6. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 37.8. స్త్రీ కాబట్టి 0.85తో గుణించాలి: 32. అంటే నిమిషానికి 32 మి.లీ. 42 ఎక్కడ, 32 ఎక్కడ! ఈజీఎఫ్ఆర్ మనిషి శరీర వైశాల్యం ఇంత అని ఒక సగటు పెట్టుకుని చెబుతుంది. చిన్న ఒళ్లున్న పెద్దవయసు వాళ్లలో అది మూత్రపిండాలను ఉన్నదానికంటే మెరుగ్గా చూపిస్తుంది. 1.3 అనే అంకె చూసి కొద్దిగానే పెరిగింది అనుకోవడం కూడా ఇలాంటి మోసమే, కండ తగ్గిన ఒంట్లో క్రియాటినిన్ పుట్టడమే తక్కువ.

32 ఉన్నా అపిక్సబాన్ మారదు. ఆ మందులో నాలుగో వంతు చిల్లరే మూత్రపిండాల గుండా పోతుంది. కానీ రేపు ఎవరైనా మందు మార్చారనుకోండి, అదే అమ్మగారికి నియమం మారిపోతుంది. రివరాక్సబాన్ అయితే క్లియరెన్స్ 50 లోపు కాబట్టి 20కి బదులు 15 మి.గ్రా., రోజుకొకసారి, అన్నంతో పాటు. ఖాళీ కడుపుతో వేస్తే 15, 20 మి.గ్రా. మాత్రలు పూర్తిగా ఒంటికి పట్టవు, ఇది చాలామంది చేసే తప్పు. ఎడోక్సబాన్ అయితే 60కి బదులు 30, ఇక్కడ బరువు 60 లోపు ఉండటం ఒక్కటే చాలు, క్లియరెన్స్ 50 లోపు ఉండటం ఒక్కటే చాలు. డాబిగాట్రాన్‌లో 80 శాతం మూత్రపిండాల మీదే ఆధారం, 32 అంటే గీత మీద నడుస్తున్నట్టు. ఒక్క గట్టి విరేచనం రోజుతో అది 30 కిందికి జారిపోతుంది. అందుకే ఆవిడకు ఆ మందు మేం ఎంచుకోం. వాడేవారెవరైనా ఉంటే ఆ క్యాప్సూల్‌ను విప్పి పొడి వేసుకోకూడదని గుర్తుంచుకోవాలి. విప్పితే ఒంటికి పట్టే మందు అమాంతం పెరుగుతుంది.

ఇంతకీ చిగుళ్ల రక్తం ఎందుకు? అసలు ఆధారాలు మీ ఉత్తరంలోనే ఉన్నాయి. అపిక్సబాన్, ఆస్పిరిన్, డైక్లోఫెనాక్, మూడూ ఒకే ఒంట్లో. మొదటిది గడ్డకట్టే పదార్థాల మీద, రెండోది ప్లేట్‌లెట్ల మీద, మూడోది ప్లేట్‌లెట్లతో పాటు కడుపు లోపలి పొర మీద పనిచేస్తాయి. డైక్లోఫెనాక్ బీపీని పెంచుతుంది, మూత్రపిండాలకు రక్తం తగ్గిస్తుంది. అంటే అపిక్సబాన్ మోతాదు నిలబడ్డ నేలనే అది తవ్వుతోంది. తగ్గించాల్సింది అపిక్సబాన్ కాదు, దాని చుట్టూ చేరినవాటిని.

ముందు డైక్లోఫెనాక్ మాత్ర మానిపించండి. మోకాళ్లకు పారాసిటమాల్, పైపూత జెల్, తొడ కండరాలకు వ్యాయామం చాలావరకు పనికొస్తాయి. జెల్ నుంచి రక్తంలోకి వెళ్లేది తక్కువే కానీ పెద్ద ప్రాంతానికి రోజూ పూయకూడదు. తర్వాత ఆస్పిరిన్. స్టెంట్ వేసి ఏడాది దాటి, గుండె నిలకడగా ఉన్నవారికి ఏట్రియల్ ఫిబ్రిలేషన్ కోసం ఇలాంటి మందు ఒకటి నడుస్తుంటే అదొక్కటే చాలని ఇప్పటి మార్గదర్శకాలు చెబుతాయి. 2019లో వచ్చిన అఫైర్ పరీక్షలో స్టెంట్ లాంటి చికిత్సలు అయిన రోగులకు రివరాక్సబాన్ ఒక్కటే ఇవ్వడం, ఆస్పిరిన్ లాంటిది కలిపి ఇవ్వడం కంటే రక్తస్రావం విషయంలో సురక్షితంగా తేలింది. అమ్మగారికి ఐదేళ్లు దాటాయి. అలాగని మీరే ఆపకండి, స్టెంట్ ఎక్కడ వేశారు, ఎన్ని వేశారు అన్నదాన్ని బట్టి కొందరికి కొనసాగించాల్సి వస్తుంది. గుండె డాక్టరును "ఆస్పిరిన్ ఇంకా అవసరమా?" అని అడగండి. చాలాసార్లు ఎవరూ అడగకపోవడం వల్లే అది ఏళ్ల తరబడి చీటీలో మిగిలిపోతుంది. అవసరమే అంటే కడుపును కాపాడే మాత్ర జోడించమని అడగండి.

చిగుళ్లు మామూలుగా వాచి ఉన్నా రక్తం వస్తుంది. గార తీయించడం, మెత్తటి బ్రష్ వాడటం కూడా చికిత్సలో భాగమే. పన్ను తీయించడానికి రోజుల తరబడి మందు ఆపే పని లేదు. ఒకటి రెండు పళ్లు మామూలుగా తీయడం తక్కువ రక్తస్రావం కింద లెక్క, చాలాసార్లు మోతాదు ఆపకుండానే తీస్తారు. పెద్ద పని అయితే ఆ ఉదయం మోతాదు ఒక్కటి వదలమంటారు. పొద్దున్నే, వారం మొదట్లో అపాయింట్‌మెంట్ తీసుకుంటే రక్తం ఆగకపోయినా పగలే, పని రోజే మళ్లీ చూపించుకోవచ్చు. నాన్నగారి పన్ను విషయమైతే ఐఎన్ఆర్ 4 లోపు ఉంటే వార్ఫరిన్ ఆపకుండానే తీయించవచ్చు. లోహపు కవాటం ఉన్నవారు దంత చికిత్సకు ముందు యాంటీబయాటిక్ ఒక మోతాదు వేసుకోవాలి, అది పళ్ల డాక్టరుకు ముందే చెప్పాలి.

కమిలిన మచ్చలకు ఒకసారి హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్లు చూపించండి. హిమోగ్లోబిన్ పాతదానికంటే 2 గ్రాములు తగ్గితే బయటికి కనిపించని చోట, ఎక్కువగా పేగుల్లో, రక్తం పోతోందని అనుమానించాలి. మలం తారులా నల్లగా వస్తే, తలకు దెబ్బ తగిలితే, ఎన్నడూ లేనంత తలనొప్పి వస్తే అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. తలకు తగిలిన దెబ్బ చిన్నదిగా కనిపించినా సరే.

అపిక్సబాన్‌కు ఐఎన్ఆర్ పరీక్ష పనికిరాదు. 1.2 వచ్చినా 1.5 వచ్చినా అది మోతాదు గురించి ఏమీ చెప్పదు. ఎవరైనా ఆ అంకె చూసి మోతాదు పెంచితే అడ్డుకోండి. ఈ మందుకు చూడాల్సింది మూత్రపిండాలు, హిమోగ్లోబిన్, బరువు. ఎన్నాళ్లకోసారి అన్నదానికి యూరప్ గుండె డాక్టర్ల మార్గదర్శిలో తేలికైన సూత్రం ఉంది: క్లియరెన్స్ 60 లోపు ఉంటే దాన్ని పదితో భాగించండి, వచ్చినన్ని నెలలకోసారి. అమ్మగారికి 32, అంటే మూడు నెలలకోసారి. ఆ రోజే ఇంటి త్రాసు మీద బరువు కూడా చూసి రిపోర్టు మీద రాయండి. వాంతులు, విరేచనాలు, జ్వరంతో నీళ్లు తాగలేని రోజులు వస్తే మూడు నెలలు ఆగకుండా అప్పుడే క్రియాటినిన్ చూపించాలి.

అపిక్సబాన్ మోతాదు మరిచిపోతే గుర్తొచ్చిన వెంటనే అదే రోజు వేయండి, తర్వాతిది మామూలు వేళకే. దీని ప్రభావం సగం కావడానికి దాదాపు 12 గంటలే పడుతుంది. వరసగా రెండు పూటలు తప్పితే ఆవిడకు రక్షణ దాదాపు లేనట్టే. కొత్త మందు రాసినప్పుడు ఇట్రాకోనజోల్, కీటోకోనజోల్, రిటోనవిర్ పేర్లు కనిపిస్తే మోతాదు గురించి మళ్లీ అడగాలి, ఇవి ఒంట్లో అపిక్సబాన్‌ను పెంచుతాయి. రిఫాంపిసిన్, ఫెనిటోయిన్, కార్బమజెపైన్ దాన్ని ఎంత తగ్గిస్తాయంటే మోతాదు పెంచి సరిదిద్దే ప్రయత్నం చేయరు, వేరే మందుకు మారతారు. గుండె వేగానికి డిల్టియాజెమ్ వాడితే అపిక్సబాన్ దాదాపు ఒకటిన్నర రెట్లకు దగ్గరగా పేరుకుంటుంది. దానికోసం మోతాదు తగ్గించే నియమం లేదు కానీ, 32 క్లియరెన్స్, 57 కిలోల బరువు ఉన్న ఆవిడకు అది ఇవ్వబోతే వేరే దారి ఉందా అని అడగడం న్యాయమే.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు మందుల డబ్బాలన్నీ, అంటే మోకాళ్ల మాత్రలు, పైపూతలు, ఎవరో చెబితే కొన్న మూలికల పొడులతో సహా, ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. ఇద్దరికీ రెండు సంచులు వేరువేరుగా, పేర్లు రాసి.